తుండు తిరిగొస్తుంది

పోయిన గురువారం మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సు కోసం నిలబడి ఉన్నాను. తంబళ్లపల్లె బస్సు కండక్టరు ఒకతను నన్ను చూసి గబగబా దిగి వచ్చాడు. ముఖం ఎరిగినవాడే, పేరు తెలియదు. సంచీలోంచి మడతపెట్టిన తుండు ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు.

"పుంగనూరు సారే గదా మీరు? దీన్ని తుండాయనకు ఇచ్చేయండి సార్. నెల పైనే సెలవులో ఉంటి. నా పెట్టిలోనే ఉండిపోయింది. పెద్దాయన ఏమనుకుంటాండాడో ఏమో."

పెద్దాయన పోయి నెల దాటిందని చెప్పేలోపే అతని డ్రైవరు హారన్ కొట్టాడు. అతను పరుగున వెళ్లి మెట్టెక్కేశాడు. తుండు నా చేతిలో మిగిలింది.

భుజం మీద వేసుకునే తువ్వాలును మా వైపు తుండు అంటారు. ఇది తెల్లది, ఆకుపచ్చ అంచు. ఒక మూల ఎర్రదారంతో చిన్న కుట్టు. ఆ కుట్టు ఆయన భార్య వేసింది. ఇంకో మూల ఏదో మూటగట్టి ముడి వేసి ఉంది. విప్పలేదు. నాది కానిది విప్పడం నాకు అలవాటు లేదు.

ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నేను డైరీ రాస్తున్నాను. వాన పడిందా లేదా, బస్సు వేళకు వచ్చిందా, ఎవరు కనిపించారు, ఏం తిన్నాను, ఇవే ఉంటాయి అందులో. ఒకరి గురించి రాయాలంటే పుట్టిన ఊరితో మొదలుపెట్టి వరసగా పోవడం నా పద్ధతి. ఈయన విషయంలో అది కుదరదు. ఆయన పుట్టిన ఊరు నాకు తెలియదు. ఏం చదువుకున్నాడో తెలియదు. పేరు తెలుసు గాని రాయను. రాస్తే పుంగనూరులో సగంమంది ఎవరాయన అని అడుగుతారు. తుండాయన అంటే మాత్రం చంటిపిల్లలు కూడా బస్టాండు వైపు చెయ్యి చూపిస్తారు.

బస్సులు లోపలికి తిరిగే మలుపులో ఆయన అంగడి. అరటిగెలలు, సోడాలు, తమలపాకులు, గాజు సీసాల్లో పిప్పరమెంట్లు. ముందొక ఇనుప స్టూలు. బేరం జరుగుతున్నంతసేపూ ఆయన చూపు గిరాకీ మీద ఉండదు, మలుపు మీద ఉంటుంది. బస్సు మూతి కనబడగానే చేతిలోని పండు చేతిలోనే వదిలేసి లేస్తాడు. భుజం మీది తుండు తీసి ఒక కొస ముడి వేస్తాడు, బరువు కోసం. బస్సు ఇంకా ఆగకముందే దాని పక్కన నాలుగడుగులు నడిచి, ఏ కిటికీ ఖాళీగా ఉందో చూసుకుని, మణికట్టు ఒక్కసారి విదిలిస్తాడు. తుండు కమ్మీల మధ్యగా దూరి సీటు మీద పరుచుకుంటుంది. మనం దుప్పటి పరిచినా అంత చక్కగా పడదు.

కిటికీలోంచి తుండు వేసి సీటు పట్టడం మా ఊళ్లన్నిటా ఉన్నదే. అందరూ ఎవరి సీటు వాళ్లు పట్టుకుంటారు. ఈయన తనకోసం ఎప్పుడూ పట్టుకోలేదు. ఆయన బస్సెక్కడమే అరుదు. ఎందుకన్నా ఎక్కడికీ పోవు అంటే, "నేను పోతే నాకు సీటు పట్టేదెవురప్పా?" అనేవాడు.

పట్టేది ఎవరికి అన్నది ఆయన ఇష్టం. అడిగినవాళ్లకు పట్టడు. నిండు చూలాలు, మోకాళ్లు పట్టుకున్న ముసలమ్మ, ఆసుపత్రికి పోయే రోగి, చంకన ఒకరు చేతిలో ఒకరు పిల్లలున్న తల్లి, వీళ్లను దూరం నుంచే ఏరుకుంటాడు. సీటు చూపించి, ఎప్పుడూ ఒకటే మాట చెబుతాడు.

"దిగేటప్పుడు కండక్టరు చేతికియ్యమ్మా. పుంగనూరు బస్టాండుకు పంపమని సెప్పు. వస్తాది."

వచ్చేది. అదే ఇందులోని విశేషం. తుండు మదనపల్లె పోయి సాయంత్రం బస్సులో వచ్చేది. కుప్పం పోయినది మర్నాడు వచ్చేది. చాలాసార్లు ఒట్టిగా రాదు. సీటు దొరికినవాళ్లు మూలన ఏదో ఒకటి ముడి వేసి పంపేవాళ్లు. మార్కెట్ యార్డుకు పోయినవాళ్లయితే టమోటాలు, చేను ఉన్నవాళ్లయితే వేరుశనగకాయలు, ఏమీ లేనివాళ్లు గుళ్లో ప్రసాదం. ఆయన ముడి విప్పి, అందులో ఉన్నదాన్ని స్టూలు చుట్టూ ఉన్నవాళ్లకు పంచేసి, తుండు దులిపి భుజాన వేసుకునేవాడు.

తుండ్లు ఆయన దగ్గర చాలా ఉండేవి. అన్నీ ఒకేసారి ఊళ్లో ఉండటం నేను చూడలేదు. వాటి గురించి బంధువుల గురించి చెప్పినట్టు చెప్పేవాడు. "ఒకటి మదనపల్లెలో ఉండాది. ఒకటి పెద్దతిప్పసముద్రం పెండ్లికి పోయింది, రేపు వస్తాది. కుప్పంది ఈసారి యాలనో ఆలీసం చేస్తాండాది."

నేను మదనపల్లె ట్రెజరీలో పనిచేసేవాణ్ణి. పుంగనూరు నుంచి రోజూ బస్సులో పోయి వచ్చేవాణ్ణి. కొత్తగా వచ్చిన రోజుల్లో, అందరికీ సీటు పడుతున్నాడు కదా అని నేనూ వెళ్లి అడిగాను. ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"నీకేమప్పా, గుండ్రాయి మాదిరి ఉండావు. నిలబడి పో."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు కోపం వచ్చింది. ఆ రోజు డైరీలో ఏం రాశానో ఇక్కడ చెప్పను. చాలాకాలం తర్వాత నాకు నడుము పట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. చొక్కా కింద బెల్టు కట్టుకుని మామూలుగా నడుస్తున్నాననే అనుకుంటూ బస్టాండుకు వచ్చాను. బస్సు రాగానే తుండు ఎడమవైపు మూడో కిటికీలో పడింది. ఆయన నా చెయ్యి పట్టి మెట్టు దగ్గరికి తెచ్చాడు.

"ఎడమ పక్క సారూ. పొద్దున పూట మదనపల్లెకు ఆ పక్క ఎండ పడదు."

నడుము సంగతి నీకెవరు చెప్పారన్నా అని అడిగాను.

"సెప్పల్లనా? నిన్నటిదాకా మెట్టు ఎగిరి ఎక్కతా ఉంటివి. ఈ పొద్దు దాన్ని సూస్తా నిలబడినావు."

ఆయన తుండు పడిన సీట్లో ఎవరూ కూర్చోరు. ఒకసారి మాత్రం ఒక కుర్రవాడు కూర్చున్నాడు. నల్లద్దాలు పెట్టుకున్నాడు, మన వైపు వాడు కాదు. తుండు పక్కకు జరిపి కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. బస్సంతా మాటలాపి చూసింది. మా తుండాయన కిటికీ దగ్గరికి వెళ్లి మెల్లగా పలకరించాడు.

"ఏమప్పా, కాలు నొప్పా?"

"లేదు."

"కడుపు నొప్పా?"

"లేదండీ."

"కండ్లు తిరగతాండాయా? సోడా ఏమన్నా తెచ్చియ్యనా?"

"నాకేం లేదండీ, బాగున్నాను."

"బాగుంటే మంచిదే. నేను భయపడితి. ఈ సీట్లో బాగున్నోళ్లు ఎవురూ కూసోరు గదా, అందుకు అడిగినా."

కుర్రవాడు లేచాడు. మెట్టు దగ్గర ఎదురుచూస్తున్న ముసలమ్మ వచ్చి కూర్చుంది. తుండాయన వదలకుండా సోడా కొట్టి ఆ కుర్రవాడికే ఇచ్చాడు, డబ్బులు పుచ్చుకోలేదు. "నిలబడి పోవల్ల గదా పాపం" అన్నాడు.

ఆయన భార్య ఈ వ్యవహారాన్ని మొదటినుంచీ ఎగతాళి చేసేది. నేను ఆమెను వదినా అని పిలిచేవాణ్ణి. "మా ఇంట్లో వంటకు చేతిగుడ్డ లేదు సారూ, బస్సులకు మాత్రం పరుపులు పరస్తాండాడు" అనేది. అంటూనే కొత్త తుండు కొన్నప్పుడల్లా మూల ఎర్రదారంతో కుట్టు వేసి ఇచ్చేది.

నేను రిటైరయిన ఏడు ఆయన తమ్ముడు బెంగుళూరు నుంచి వచ్చాడు. తమ్ముడికి అక్కడ కిరాణా అంగడి ఉంది. పక్క గది కూడా తీసుకుని పెద్దది చేస్తున్నాడు. కౌంటర్లో నమ్మకమైన మనిషి కావాలి, వచ్చేయమని అన్నకు చెప్పాడు. పైన ఇల్లు, కింద అంగడి. వదినకు ఆ మాట బాగా నచ్చింది. కొళాయి తిప్పితే నీళ్లు వస్తాయి, పుంగనూరులో మాదిరి ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టక్కర్లేదు. ఆమె కోరిక అన్యాయమైనదని నేను ఎన్నడూ అనుకోలేదు. ఆ బిందెలు మోసింది ఆమె, ఆయన కాదు.

"దసరా దాకా ఉండి చూద్దాం. నచ్చితే ఆడే ఉందాం, నచ్చకుంటే వచ్చేద్దాం" అని ఇద్దరూ ఒప్పుకున్నారు. అంగడికి తాళం వేశారు.

వాళ్లు బెంగుళూరు బస్సెక్కిన రోజు బస్టాండులో పెద్ద చర్చ. ఆయనకు సీటు ఎవరు పట్టాలి? ఆటోవాళ్లు మేమంటే మేమన్నారు. చివరికి వయసులో పెద్దవాణ్ణని తుండు నా చేతికిచ్చారు. బస్సు వచ్చింది. నేను ముడి వేశాను, నాలుగడుగులు నడిచాను, విసిరాను. తుండు కిటికీ దాటి, లోపల ఒకామె ఒడిలోని మల్లెపూల బుట్టలో పడింది. ఆమె చేసిన అల్లరికి డ్రైవరు కూడా వెనక్కి తిరిగి చూశాడు. మా తుండాయన తల కొట్టుకున్నాడు.

"మణికట్టు సారూ, మణికట్టు. భుజంతో యాల విసరతావు?"

కడకు ఆ పూలామే జరిగి ఇద్దరికీ చోటిచ్చింది.

బెంగుళూరు నుంచి ఆయన రోజూ సాయంత్రం ఫోను చేసేవాడు. మొదట మా బస్సుల సంగతులు అడిగేవాడు, తర్వాత అక్కడివి చెప్పేవాడు. కొన్ని ఆయనకు నచ్చాయి. కాఫీ బాగుందన్నాడు. చెట్లు మన ఊళ్లో కంటే ఎక్కువ ఉన్నాయన్నాడు. కొన్ని ఆయనకు అంతుపట్టలేదు. "యాడికి పోతాండావప్పా అని అడిగితే కోపం చేసుకుంటాండారు సారూ. ఇంగ ఏం అడగల్ల మనిషిని?" కొన్ని బస్సులకు కిటికీలు తెరుచుకోవని తెలిసిన రోజు ఆయన గొంతు నీరసంగా ఉంది. లోపల చల్లగా ఉండటానికట. "అది బస్సు గాదు సారూ, బీరువా."

వదిన మాత్రం సంతోషంగా ఉండేది. కొళాయి నీళ్ల చప్పుడు ఫోనులో నాకు వినిపించేది. పార్కులో నడవడానికి ఇద్దరు స్నేహితురాళ్లు కూడా దొరికారు. ఆయన కూడా మెల్లగా ఇక అక్కడే ఉండిపోతాడేమోనని నాకు దిగులుగా ఉండేది. సాయంత్రాలు మూసిన అంగడి ముందు నడిచిపోతూ, ఖాళీ స్టూలు చూడకుండా తల తిప్పుకునేవాణ్ణి.

అప్పుడు జరిగింది ఇది. తమ్ముడి అంగడికి ఎదురుగానే సిటీ బస్సులు ఆగే చోటు ఉంది. ఒకరోజు ఉదయం, నెలలు నిండిన అమ్మాయి ఒకతె సంచీ చేతబట్టుకుని నిలబడి ఉంది. వచ్చిన బస్సు పాతది, కిటికీలు తెరిచి ఉన్నాయి. ఈయన చెయ్యి ఈయన మాట వినలేదు. తుండు కిటికీలో పడింది. సీటు దగ్గరున్న ఒక అబ్బాయి తుండు చేత్తో ఎత్తి, ఇదేమిటని బయటికి చూశాడు. ఈయన చూలాలివైపు చెయ్యి చూపించాడు. ఆ అబ్బాయి నవ్వి పక్కకు జరిగాడు. అమ్మాయి ఎక్కి కూర్చుంది. ఈయన కిటికీ దగ్గర నిలబడి ఎప్పుడూ చెప్పే మాట చెప్పాడు. బస్సు వెళ్లిపోయింది.

సాయంత్రం ఆయన ఆ బస్సు ఆగే చోటికి వెళ్లి నిలబడ్డాడు, తుండు కోసం. రాలేదు. మర్నాడూ నిలబడ్డాడు. వచ్చిన ప్రతి బస్సు కండక్టరునూ తనకొచ్చిన కన్నడంలో అడిగాడు.

వదిన ఫోను లాక్కుని నాతో మొరపెట్టుకుంది. "ఇంత ఊర్లో తుండు తిరిగొస్తాదంటాండాడు సారూ నీ అన్న. అంగట్లో గిరాకీని వదిలేసి ఆడ పోయి నిలబడతాండాడు. మరిదికి నేను ఏమని సెప్పల్ల?"

వెనక నుంచి ఆయన గొంతు వినబడింది. "వస్తాది మే. పంపమని సెప్పినా గదా."

"రాదు."

"వస్తే?"

"వస్తే ఏంది?"

"వస్తే ఇది కూడా మన ఊరే. ఇంగ మాట్లాడకుండా ఈడనే ఉంటా. దసరాలోపల రాకుంటే పుంగనూరుకు పోదాం."

వదిన సరేనంది. ఫోను పెట్టేశాక గాని ఆమెకు తను ఒప్పుకున్నదేమిటో అర్థం కాలేదు. తుండు రాదని పందెం కాసింది. రాకపోతే బిందెల దగ్గరికి తిరిగి పోవాలి. అప్పటినుంచి తుండు కోసం ఆయనకంటే ఆమె ఎక్కువ ఎదురుచూసింది. పార్కుకు పోయే దారిలో తనూ కండక్టర్లను అడిగేది. దసరా దగ్గరపడే కొద్దీ ఆమెకు నిలకడ తప్పింది. ఒకరోజు ఆయన లేనప్పుడు నాకు ఫోను చేసి గొంతు తగ్గించింది.

"సారూ, ఒక సాయం చెయ్యల్ల. మన బస్టాండు కాడ గుడ్డల అంగట్లో అట్లాంటిదే తుండు కొని పంపు. ఎర్రదారం నేను ఏసుకుంటా. వచ్చిందని సెప్తా."

నాకు ఆయన తిరిగి రావాలని ఉంది. ఆమె ఏదైనా అడగడం అదే మొదటిసారి. రెండు రోజులు వాయిదా వేశాను. మూడో రోజు చెప్పులేసుకుని గుడ్డల అంగడికి బయల్దేరాను.

దారిలో తుండాయన అంగడి. తలుపు తాళానికి తుండు ఒకటి వేలాడుతోంది. తెల్లది, ఆకుపచ్చ అంచు. దగ్గరికి వెళ్లి చూశాను. మూలన ఎర్రదారం ఉంది. ఇంకో మూల ముడి. పక్కన సోడా తాగుతున్న కుప్పం బస్సు కండక్టరు నన్ను చూసి చెప్పాడు.

"నేనే కట్టినా సార్. కుప్పంలో ఒకామె ఇచ్చింది. ఆమె కూతురు కానుపుకని బెంగుళూరు నుంచి పుట్టింటికి వస్తాంటే, ఎవురో పెద్దాయన సిటీ బస్సులో సీటు పట్టిచ్చినాడంట. టేషనుదాకా కూసోని పోయి రైలెక్కిందంట. ఆ పాపకు కానుపయి, ఇంట్లో వాళ్లకు ఊపిరాడి, ఇప్పటికి గుర్తొచ్చిందంట. ఆడబిడ్డ. ముడిలో కలకండ ఉండాది, తీసుకోండి."

"పుంగనూరుకు ఎందుకు పంపింది? ఆయన బెంగుళూరులో కదా ఉన్నాడు?" అన్నాను.

"నాకేం తెలుసు సార్. పుంగనూరు బస్టాండుకు పంపమని ఆ పెద్దాయనే సెప్పినాడంట."

అక్కడే ఆ ఖాళీ స్టూలు మీద కూర్చుని ఫోను చేశాను. ఇద్దర్నీ వినమన్నాను. తుండు వచ్చిందన్నాను.

మొదట వదిన గొంతే వినబడింది. "వచ్చిందా? సూస్తివా, నేను గెలిస్తి. అంటే ఓడిపోతి. ఏదో ఒకటి. ఈడనే ఉంటాండాం."

"యాడికి వచ్చింది సారూ?" అన్నాడాయన.

"మన ఊరికే అన్నా. నీ అంగడి తాళానికి వేలాడతా ఉంది."

"అయితే బెంగుళూరుకు రాలేదు గదా. నేనే గెలిస్తి."

"తుండు వస్తే ఉంటానంటివి. యాడికి రావల్లనో యాడ సెప్పినావు?" అంది వదిన. ఇద్దరూ నన్ను తీర్పు చెప్పమన్నారు. ట్రెజరీలో ఎన్ని బిల్లులు ఆపానో గాని ఇంత చిక్కు ఎక్కడా పడలేదు. కండక్టరు చెప్పింది ఉన్నదున్నట్టు చెప్పాను. పుంగనూరు బస్టాండుకు పంపమని ఆయనే చెప్పాడన్నాను.

అటువైపు ఎవరో కొళాయి కట్టేశారు.

"పుంగనూరు అంటివా?" అంది వదిన మెల్లగా. "బెంగుళూరులో నిలబడుకోని?"

"అలవాటున అనుంటా మే."

"అని, దినామూ ఈడ నిలబడి ఎదురుసూస్తాంటివా?"

ఆమె నవ్వు మొదలుపెట్టింది. ఆయనా నవ్వాడు. నేను స్టూలు మీద, కండక్టరు సోడా సీసా పట్టుకుని, మేమూ నవ్వాము. ఆమె నవ్వు ఆగాక చెప్పిన మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది.

"ఇంగ ఈ మనిషితో ఈడ యట్ల సారూ కాపురం చేసేది? వొళ్లు ఈడ ఉండాది, నోరు ఆడనే ఉండాది. మూట కట్టుకుంటాం, వచ్చేస్తాం."

వచ్చేశారు. తమ్ముడు ఇంకొకర్ని కుదుర్చుకున్నాడు, ఏమీ అనుకోలేదు. ఆయన చేసిన మొదటి పని వదినకోసం ఇంటి ముందు మోటారు పెట్టి పైపు వేయించడం. వదిన మాత్రం పందెం తనే గెలిచానని చివరిదాకా వాదించింది. "పాపమని వచ్చినా గాని ఓడి కాదు" అనేది, ఎవరు అడిగినా, అడగకపోయినా.

నెల కిందట ఒక మధ్యాహ్నం ఆయన స్టూలు మీదే కునుకు తీశాడు. మదనపల్లె బస్సు మలుపు తిరిగింది, ఆయన లేవలేదు. దాంతోనే అందరికీ తెలిసింది. సాగనంపేటప్పుడు కండక్టర్లు ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య యూనిఫాంలోనే వచ్చి పోయారు. ఎవరి సంచీలో ఉన్న తుండును వాళ్లు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టారు. అన్ని తుండ్లూ ఒకేసారి ఊళ్లో ఉండటం అప్పుడే చూశాను. అన్నీ అనుకున్నాను. తంబళ్లపల్లె బస్సులో ఒకటి మిగిలిందని నాకు గురువారం దాకా తెలియదు.

శుక్రవారం ఉదయం దాన్ని తీసుకుని వదిన దగ్గరికి వెళ్లాను. ఆమె అంగట్లో ఉంది. సీసాలు కడిగి బోర్లిస్తోంది. అంగడి వేరేవాళ్లకు అప్పగించి సోమవారం బెంగుళూరు పోతున్నానంది. మరిది పిలుస్తున్నాడట, పార్కు స్నేహితురాళ్లు కూడా ఫోను చేస్తున్నారట. మంచి మాటే కదా అన్నాను. కాదనడానికి నేనెవర్ని? తుండు ఇచ్చాను. ఆమె ఎర్రదారం కుట్టును వేలితో తడిమింది. ముడి విప్పింది. కాగితంలో చుట్టిన బెల్లం ముక్క. విరిచి సగం నాకిచ్చి, సగం నోట్లో వేసుకుంది.

అప్పుడే కుప్పం బస్సు మలుపు తిరిగింది. జనం లేచారు. కంటికి ఆపరేషనయి పచ్చగుడ్డ కట్టుకున్న ముసలాయన ఒకాయన కోడలి భుజం పట్టుకుని తడుముకుంటున్నాడు. ఆ గుంపులో వాళ్లకు మెట్టు కూడా దొరకదు. వదిన చూసింది. చూడనట్టు మళ్లీ సీసా అందుకుంది. మళ్లీ చూసింది.

"యాల నాకీ కర్మ" అని గొణుక్కుంటూ లేచింది.

తుండు విసిరింది. కమ్మీకి తగిలి కింద పడింది. ఎవరో నవ్వారు.

"ముడి వేయి వదినా. మణికట్టు" అన్నాను.

"మల్లెపూల బుట్టలో ఏసినోడివి, నువ్వు నాకు సెప్పొచ్చినావు."

ముడి వేసి మళ్లీ విసిరింది. ఈసారి సీటు అంచున పడింది. లోపలున్న ఒకామె దాన్ని సరిగా పరిచింది. ముసలాయన్ను కూర్చోబెట్టాక వదిన కిటికీ కింద నిలబడి గొంతెత్తి చెప్పింది.

"తాతా, దిగేటప్పుడు కండక్టరు చేతికియ్యి. పుంగనూరు బస్టాండుకు పంపమని సెప్పు."

బస్సు కదిలింది. ఆమె నా వైపు తిరిగింది.

"ఇనుకో సారూ. అది తిరిగొస్తే ఈడనే ఉంటా. సోమవారంలోపల రాకుంటే బెంగుళూరుకు పోతా. ఈసారి యాడికి రావల్లనో కూడా ముందే సెప్తాండా. మళ్లీ తీర్పు తిప్పొద్దు."

శనివారం పొద్దున్నే బస్టాండుకు బయల్దేరాను. మదనపల్లెలో పని ఉందని ఇంట్లో చెప్పాను. పని లేదు. అంగడి తెరిచి ఉంది. వదిన స్టూలు మీద కూర్చుని మలుపు వైపు చూస్తోంది. ఆమె భుజం మీద ఏమీ లేదు. కుప్పం నుంచి వచ్చే మొదటి బస్సు వచ్చి వెళ్లిపోయిందని పక్కనున్న ఆటో అతను చెప్పాడు.

"వచ్చిందా వదినా?"

"యాడ వస్తాది సారూ. కాలం మారిపోయింది. మూట కట్టుకోవల్ల."

తల దించుకున్నాను. ఆమె కాళ్ల దగ్గర, స్టూలు చుట్టూ, అప్పుడే ఒలిచిన వేరుశనగ పొట్టు కుప్పగా పడి ఉంది. ఆటో అతను కూడా ఏదో నములుతున్నాడు.

నేను తలెత్తేసరికి మదనపల్లె బస్సు మలుపు తిరుగుతోంది. వదిన లేచింది. కొంగు కింద ఒడిలోంచి తుండు తీసి కొస ముడి వేసింది. చంటిబిడ్డతో నిలబడ్డ ఒకామెను చూసుకుని, బస్సు పక్కన నాలుగడుగులు నడిచి, మణికట్టు విదిలించింది. ఎడమవైపు కిటికీలో పడింది.

"మరి నాకు వదినా? పెద్దవాణ్ణి కదా" అన్నాను.

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"నీకేమప్పా, గుండ్రాయి మాదిరి ఉండావు. నిలబడి పో."

ఆ రోజు డైరీలో ఒకటే వాక్యం రాశాను. మదనపల్లె దాకా నిలబడే వెళ్లాను.